జీఆర్ఈ పదాలు నిలవట్లేదన్న గుంటూరు తమ్ముడికి

జీఆర్ఈ (విదేశాల్లో పీజీ సీటుకి రాసే పరీక్ష) కోసం రోజుకి వంద ఇంగ్లిష్ పదాలు బట్టీ పడితే వారానికల్లా పోతున్నాయన్నావు, పోతాయి మరి. 15 చాలు తమ్ముడూ. మర్నాడు, 3వ, 7వ, 21వ రోజున అర్థం మూసేసి గుర్తుతెచ్చుకో. ఊరికే తిరగేస్తే లాభం లేదు. తప్పినవి మళ్లీ మొదటి రోజు పదాల కట్టలోకి.

అసలు చిక్కు పదానికి ఒక్క తెలుగు అర్థమే రాసుకోవడం. 'క్వాలిఫైడ్ సపోర్ట్' కనబడితే అర్హత అనుకుంటాం, అక్కడది షరతులతో కూడిన మద్దతు. అందుకే ప్రతి పదానికీ నిఘంటువులోంచి ఒక వాక్యం ఎక్కించు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఖాళీలో పెడితే వాక్యానికి ఒకే అర్థం వచ్చే రెండు పదాలు ఆరింటిలోంచి ఎంచాలి, రెండూ సరిగ్గా పెడితేనే మార్కు, సగం ఇవ్వరు. కాబట్టి జంటలుగా చదువు: 'లకానిక్' పక్కన 'టెర్స్', రెండూ తక్కువ మాటల్లో చెప్పడమే.

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకం కొంటే అచ్చైన ఏడు చూడు. 2011 ఆగస్టుకి ముందుదైతే అందులోని యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జంటల మధ్య పోలిక) వదిలెయ్, ఆ ప్రశ్నలు ఇప్పుడు రావు.