ఇరుకు పోర్టికోలో బుల్లెట్టు తిప్పాలంటే: డాలీ కంటే ముందు గచ్చు చూసుకోండి

మీరు అడిగింది ఇది: అమలాపురంలో ఇల్లు, పది అడుగుల వెడల్పు పోర్టికో, అందులోనే కారూ, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బుల్లెట్టూ. బండిని గోడవారకి జరపడం, గేటువైపు తిప్పడం నాన్నగారి వల్ల కావట్లేదు. చక్రాల డాలీ, అంటే బండిని పైకెక్కించి ఎటైనా తోసుకునే ఇనప చట్రం, కొనాలా, వెల్డింగ్ షాపులో చేయించుకోవాలా?

చేయించుకోండి. కానీ ముందు గచ్చు చూడండి. మన డెల్టాలో డాలీలు మూలపడేది ఎక్కువగా గచ్చు వల్లే. నల్లమట్టి ఎండల్లో బీటలు వారుతుంది, వానలకి ఉబ్బుతుంది. దానిమీద మెరక తోలి వేసిన పోర్టికో రెండు మూడేళ్ళకి ఎక్కడో ఒకచోట దిగుతుంది, ఎక్కువగా గోడవారనే. మీరు బండి పెట్టాలనుకునేదీ అక్కడే. ఒక రసమట్టం తెచ్చి, తిన్నటి కర్రమీద పెట్టి, నిలువుగా, అడ్డంగా చూడండి. వాననీళ్ళు పోవడానికి గేటువైపు వాలు ఎలాగూ ఉంటుంది. పది అడుగులకి అంగుళం ఉంటే ఇబ్బంది లేదు. రెండు అంగుళాలు ఉంటే, బండీ డాలీ కలిపి 220 కిలోలు అనుకోండి, మూడున్నర కిలోలకి పైగా తోపు ఎప్పుడూ గేటువైపే ఉంటుంది. మంచి చక్రాలకి అది దాదాపు కదిలిపోయేంత. బ్రేకు వెయ్యడం మరిచిపోయిన రోజున, పక్కనుంచి కారు తలుపు తగిలితే చాలు.

తర్వాత టైల్స్‌ని కర్రతో తట్టి చూడండి. డబడబమంటే కింద సిమెంటు పట్టలేదని. అలాంటి టైల్ మీద నైలాన్ చక్రం ఎక్కితే అంచు పగులుతుంది. గళ్ళ పార్కింగ్ టైల్స్ అయితే గాడి వెడల్పు కొలవండి. చిన్న చక్రం గాడి దగ్గర ఎక్కువ తగులుకుంటుంది, 75 ఎంఎం చక్రం కాస్త తేలిగ్గా దాటుతుంది. గాళ్ళు లోతుగా ఉండి, గచ్చు కూడా దిగిపోయి ఉంటే డాలీ ఆలోచన మానేసి, ఆ డబ్బు గచ్చు బాగుచేయించడానికి పెట్టండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను: తోస్తుండగా చక్రం హఠాత్తుగా ఆగితే, పైనున్న బండి ఆగదు.

ఇక జాగా. క్లాసిక్ పొడవు 2145 ఎంఎం, హ్యాండిల్ దగ్గర వెడల్పు 785. ఉన్నచోట గుండ్రంగా తిరగాలంటే మూలనుంచి మూలకి 2.3 మీటర్లు, అంటే ఏడున్నర అడుగులు కావాలి. మనిషి నిలబడే చోటుతో ఎనిమిది. కారు లోపలుంటే మీ పోర్టికోలో బండి తిరగదు. కారు బయటున్నప్పుడే బండిని గేటుకి ఎదురుగా తిప్పేసి, ఆ తర్వాత పక్కకి గోడదాకా జరపండి. డాలీ అసలు ఉపయోగం ఆ పక్కకి జరపడమే.

చేయించేటప్పుడు వెల్డరుకి ఇలా చెప్పండి. 3 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీటుని ఛానల్‌గా, అంటే రెండు అంచులూ పైకి లేచిన తొట్టిలా, మడత పెట్టించాలి: పొడవు 1.8 మీటర్లు, లోపలి వెడల్పు 150 ఎంఎం, అంచులు 30. క్లాసిక్ వెనక టైరు 120/80-18, అంటే వెడల్పు 120 ఎంఎం, కాబట్టి 150 సరిపోతుంది, మరీ వదులుగా ఉంటే బండి అటూ ఇటూ ఆడుతుంది. చక్రానికీ చక్రానికీ దూరం 1390 ఎంఎం కాబట్టి రెండు చివరల నుంచి సుమారు 200 ఎంఎం లోపలికి టైర్లు ఆనతాయి. సరిగ్గా ఆ రెండు చోట్లా ఛానల్ కింద అడ్డంగా 75x10 ఎంఎం ఫ్లాట్ పట్టీ, 600 ఎంఎం పొడవుది, వెల్డు చెయ్యాలి. బరువు టైరు నుంచి నేరుగా పట్టీకి దిగుతుంది, ఛానల్‌కి పని తక్కువ. మామూలుగా షాపులో చేతికి దొరికిన 6 ఎంఎం పట్టీ వేసేస్తారు. అది వంగిపోతుంది, ఒప్పుకోకండి.

పట్టీ చివర్లని పైకి లేపి, వాటికి బయటివైపు క్యాస్టర్లు (ఎటైనా తిరిగే చిన్న చక్రాలు) బిగించాలి. అంటే ఛానల్ చక్రాల మధ్య వేలాడుతూ, నేలకి 20 ఎంఎం ఎత్తులో పట్టీ ఉండాలి. అప్పుడు టైరు ఆనే చోటు నేలకి 33 ఎంఎం ఎత్తే. చిన్న ఇనప వాలు పలక పెడితే నాన్నగారు నడిపించి ఎక్కించగలరు. క్యాస్టర్ల మీద నేరుగా ఛానల్ వేస్తే ఎత్తు 100 ఎంఎం దాటుతుంది, 195 కిలోల బండిని అక్కడినుంచి వెనక్కి దింపేటప్పుడే పడేస్తారు. క్యాస్టర్ గుండ్రంగా తిరగడానికి చుట్టూ 75 ఎంఎం ఖాళీ వదలండి. అది మరిచిపోతే చక్రం నిలువు పట్టీకి తగులుకుని, డాలీ ఒక దిక్కుకే నడుస్తుంది.

సైడ్ స్టాండుకి ఎడమవైపు 6 ఎంఎం పలక, 250x250, ఛానల్ అడుగుతో సమంగా. సమంగా అన్నది ముఖ్యం. పలక ఎత్తయితే బండి నిటారుగా నిలబడి కుడివైపుకి పడుతుంది. స్టాండు జారకుండా అంచుకి 10 ఎంఎం కట్ట వెయ్యించండి. ముందు టైరుకి ఆపు కావాలి, కానీ వెల్డు చెయ్యించకండి, పిన్నుతో తీసేలా పెట్టించండి. బండిని తిప్పాక ముందుకే దిగి గేటువైపు వెళ్ళాలి కదా. ఆపు శాశ్వతమైతే వెనక్కి దింపాలి, తిప్పిన కష్టమంతా వృథా.

సెంటర్ స్టాండు మీద ఎందుకు పెట్టకూడదు అంటారేమో. బరువంతా మధ్యలో పడితే ఈ ఛానల్ ఒక్కటే దాదాపు సెంటీమీటరు వంగుతుంది, వంగాక తిరిగి లేవదు కూడా. అలా కావాలంటే రెండు పక్కలా 50x25x3 ఎంఎం పైపు నిలబెట్టి బలం చెయ్యాలి, అప్పుడు ఎత్తూ బరువూ పెరుగుతాయి. పైగా పెద్దాయన డాలీ మీదకెక్కిన బండిని సెంటర్ స్టాండు వెయ్యాలంటే కాలికి ఆధారం ఉండదు. మీకు సైడ్ స్టాండు డాలీయే నయం.

క్యాస్టర్లు నాలుగూ తిరిగేవే, 75 ఎంఎం, బాల్ బేరింగువి. ఎగుడుదిగుడు గచ్చుమీద ఒక చక్రం ఎప్పుడూ గాల్లో ఉంటుంది కాబట్టి మొత్తం 220ని మూడుతో భాగించండి: 73 కిలోలు. తడబాటుకి రెట్టింపు వేసుకుని, ఒక్కొక్కటి 150 కిలోలు మోసేవి తీసుకోండి. ఎదురెదురు మూలల్లో రెండింటికి బ్రేకు ఉండాలి, చక్రాన్నీ తిరగడాన్నీ రెండూ ఆపే రకం. చక్రాన్ని మాత్రమే ఆపేవి పెడితే, బండి ఉన్నచోటే కాస్త పక్కకి తిరుగుతుంది. ఎం10 బోల్టు, నైలాక్ నట్టుతో (కుదుపులకి ఊడిరాని రకం) బిగించండి. వెల్డు చేస్తే పూత కాలిపోయి తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది, చక్రం మార్చడమూ కుదరదు.

పీయూ (పాలీయూరిథేన్) చక్రాలు టైల్‌కి మెత్తగా ఉంటాయి. కానీ చవకరకం పీయూ మన ఉక్కకీ తేమకీ పెచ్చులూడిపోతుంది. గోటితో నొక్కితే జిగురుగా అనిపిస్తే మార్చేసే సమయం వచ్చినట్టే. గట్టి నైలాన్‌కి ఆ జబ్బు లేదు, కానీ చప్పుడు, పైగా డొల్ల టైల్స్ పగలగొడుతుంది. నల్ల రబ్బరు వద్దు, మచ్చలు పడతాయి, బరువుకి చపటై ఉండిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్ళలో మృగశిర కార్తెకి ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి బేరింగులకి గ్రీజు పెట్టాల్సిందే. ఇనుముకి రెడాక్సైడ్ ఒక్కటే సరిపోదు, పైన రెండు పూతలు ఎనామిల్ వెయ్యించండి.

ఎక్కించేటప్పుడు డాలీని గోడకి ఆనించి, బ్రేకులు వేసి, ఇంజను ఆపి ఎడమవైపునుంచి నడిపించాలి. ఎక్కాక ఫస్టు గేరు, ఆ తర్వాత స్టాండు, ముందు బ్రేకు లీవరుని ఒక పట్టీతో హ్యాండిల్‌కి కట్టేయడం. సైడ్ స్టాండు బండి ముందుకి జారితే ముడుచుకుపోతుంది, గేరూ, బ్రేకు కట్టడమూ దాన్ని ఆపడానికే. కట్టడానికి కొబ్బరి తాడు వద్దు, రాట్చెట్ బెల్టు (మీట ఆడించి బిగించే పట్టీ) వాడండి. తోసేటప్పుడు సీటు దగ్గరో హ్యాండిల్ దగ్గరో చెయ్యి పెట్టకండి. ఫుట్‌రెస్టు ఎత్తులో ఛాసిస్‌ని గానీ, డాలీకి వేసిన పైపు పిడిని గానీ పట్టుకుని తొయ్యండి. దిశ మార్చినప్పుడు క్యాస్టర్లు వెనక్కి తిరిగేటప్పుడు డాలీ ఒక్కసారి పక్కకి జరుగుతుంది. అక్కడ ఆగి, మెల్లగా మళ్ళీ మొదలెట్టండి.

లంక గ్రామాలవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే గోదావరి నీటిమట్టం 13.75 అడుగులు, వచ్చిందంటే బండిని డాలీ మీదనుంచి దింపి మెరకకి తీసుకుపోవాలి. పోర్టికోలో నీళ్ళొస్తే నాలుగు తిరిగే చక్రాల మీదున్న బండి ఉన్నచోట ఉండదు, ఒండ్రు పట్టిన క్యాస్టర్ బేరింగులు మళ్ళీ పనికిరావు.