నీళ్ల దగ్గరే ఆగిపోకు: ఒక యువ రచయిత్రికి లేఖ

చెల్లెమ్మకు,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది నీ రాతలో. కానీ మొదటి పేజీలోనే ఒక వాక్యం నన్ను ఆపేసింది. "క్యాథలిక్కులకు బాప్తిస్మం, మంచి పనులు ఉంటేనే రక్షణ, ప్రొటెస్టెంట్లకు నమ్మితే చాలు" అని రాశావు. ముప్పై ఏళ్ల కిందట అచ్చం ఇలాంటి వాక్యమే నేనూ రాశాను. అచ్చయిన వారానికి ఒక పెద్దాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కోపంగా ఒక్క మాటా లేదు. "పుట్టినప్పటి నుంచి నేను క్యాథలిక్కుని. మీరు రాసింది నా విశ్వాసం కాదు" అని మాత్రం ఉంది. ఇప్పటికీ ఈ విషయం మీద రాయడానికి కూర్చుంటే ముందు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

ఎవరి నమ్మకం గురించి రాస్తున్నావో వాళ్లు చదివి "అవును, మేం నమ్మేది ఇదే" అనుకోవాలి. ఆ నమ్మకంతో నువ్వు ఏకీభవించాలని కాదు. ముందు వాళ్లను వాళ్ల మాటల్లో వినాలి.

ఆ మాటల దగ్గరే మొదలుపెట్టు. తెలుగులో క్యాథలిక్కులు జ్ఞానస్నానం అంటారు, ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం అంటారు. అక్కడ వరప్రసాదం, ఇక్కడ కృప. నువ్వేమో వ్యాసమంతా ఒకవైపు మాటలతోనే నడిపించావు. "రక్షణ పొందారా?", అంటే పాపం నుంచి విముక్తి దొరికిందా అన్న ప్రశ్న, ప్రొటెస్టెంట్లలోని బాప్టిస్టుకో పెంతెకొస్తు విశ్వాసికో చాలా సహజం. ప్రభువును అంగీకరించిన రోజు వాళ్లకు గుర్తుంటుంది, తారీఖుతో సహా చెప్పేవాళ్లున్నారు. అదే ప్రశ్న క్యాథలిక్కును అడిగితే కాసేపు తడబడతారు. విశ్వాసం లేక కాదు. వాళ్ల లెక్కలో రక్షణ జ్ఞానస్నానంతో మొదలైంది, ఇప్పుడు సాగుతోంది, చివరి శ్వాస దాకా నిలబెట్టుకోవాల్సింది. ఒకరు జరిగిన సంగతి అంటున్నారు, ఇంకొకరు నడుస్తున్న దారి అంటున్నారు. రక్షణ అన్న ఒక్క మాటలో ఇంత తేడా ఉంటే, దాన్ని విప్పకుండా వ్యాసం ముందుకు ఎలా పోతుంది?

ఇక ఆ నీళ్లు. వీలైతే రెండు చోట్లా వెళ్లి కళ్లారా చూడు. ఒకచోట, తల్లి చేతుల్లో బిడ్డ. గురువు ఆ చిన్న తల మీద మూడుసార్లు నీళ్లు పోస్తూ తండ్రి, కుమార, పవిత్రాత్మ నామాన జ్ఞానస్నానం ఇస్తారు. బిడ్డ ఏడుస్తుంది. తర్వాత నడినెత్తిన తైలం, ఒంటి మీద తెల్లని వస్త్రం, పాస్కా (ఈస్టరు) కొవ్వొత్తి నుంచి వెలిగించిన చిన్న కొవ్వొత్తి. ఇంకోచోట, నడుము లోతు నీళ్లలో నిలబడిన వయసొచ్చిన మనిషి. తన నోటితోనే విశ్వాసం ఒప్పుకుంటాడు. పాస్టరు గారు వెనక్కి వంచి నిండా ముంచి లేపుతారు. మొదటి చోట బిడ్డ ఏమీ చేయలేదు, చేయగల వయసూ కాదు. దేవుడే చేశాడు, జన్మపాపం కడిగాడు, కొత్త జన్మ ఇచ్చాడు అంటారు. రెండో చోట, దేవుడు ఆ మనిషి లోపల ముందే చేసినదానికి అతను ఇప్పుడు అందరి ఎదుట సాక్ష్యం ఇస్తున్నాడంటారు. ఒకరికి నీళ్లు వరప్రసాదాన్ని తెస్తాయి. ఇంకొకరికి వచ్చిన కృపను చూపిస్తాయి.

ఇక్కడ నువ్వు చేసిన అసలు పొరపాటు చెప్తాను. ఆ రెండో దృశ్యాన్ని "ప్రొటెస్టెంట్లు" అన్న పేరు కింద పెట్టేశావు. మరి ప్రొటెస్టెంట్ సంస్కరణను మొదలుపెట్టిన లూథర్? ఆయన చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం మానలేదు. 1529లో రాసిన పెద్ద కేటకిజంలో (విశ్వాసాన్ని బోధించే పుస్తకం అది), మనస్సాక్షి నిందించినప్పుడు "అయినా నేను బాప్తిస్మం పొందినవాణ్ణి" అని చెప్పుకోమంటాడు. విశ్వాసం ఆనుకునేది ఆ వాగ్దానాన్నే అంటాడు. ఈ విషయంలో లూథరన్లు బాప్టిస్టుల కంటే క్యాథలిక్కులకే దగ్గర. తర్వాతి తరం సంస్కర్త కాల్విన్‌ది ఇంకో దారి: పాత నిబంధనలో సున్నతి ఎలాగో కొత్త నిబంధనలో బాప్తిస్మం అలాగ, దేవుని నిబంధనకు గుర్తు, ముద్ర, కాబట్టి విశ్వాసుల పిల్లలకూ అది చెందుతుంది.

ఫెలిక్స్ మాంజ్ గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది. 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కొద్దిమంది ఒక ఇంట్లో చేరి, తెలిసి నమ్మినవాళ్లకే బాప్తిస్మం అని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. మాంజ్ వాళ్లలో ఒకడు. రెండేళ్లకు, 1527 జనవరి 5న, అతన్ని లిమ్మత్ నదిలో ముంచి చంపారు. చంపించింది పోపు కాదు. అక్కడి సంస్కర్త జ్వింగ్లీ బాటను అంగీకరించిన నగర పాలక సభే. బాప్తిస్మం మీద అతి క్రూరమైన తగువుల్లో ఒకటి సంస్కర్తల మధ్యే నడిచిందని తెలిశాక, "క్యాథలిక్కులు ఒకవైపు, ప్రొటెస్టెంట్లు ఒకవైపు" అని అంత తేలిగ్గా గీత గీయగలవా?

ఇంకో మాట. నాలుగో పేజీలో "మళ్లీ బాప్తిస్మం" అని రాశావు. ఆ "మళ్లీ" అన్న మాట నీకు తెలియకుండానే ఒక పక్షం తీసుకుంది. పసితనంలో జరిగింది బాప్తిస్మమే కాదని బాప్టిస్టుల నమ్మకం, కాబట్టి వాళ్లకు ఇదే మొదటిది. క్యాథలిక్ సభ, అంటే వాళ్ల చర్చి మాత్రం, నీళ్లతో, తండ్రి, కుమార, పవిత్రాత్మ నామాన, సభ చేసేదే చేయాలన్న ఉద్దేశంతో ఇస్తే ప్రొటెస్టెంటు ఇచ్చిన బాప్తిస్మాన్నీ ఒప్పుకుంటుంది, రెండోసారి ఇవ్వదు. చాలామంది పాఠకులకు ఇది తెలియదు. అచ్చంగా ఇలాంటి వివరం కోసమే జనం నీ వ్యాసం చదవాలి.

ఇక "మంచి పనులు". సంస్కర్తలకు జవాబుగా క్యాథలిక్ సభ జరిపిన ట్రెంట్ మహాసభ 1547లో నీతిమంతులుగా తీర్చబడడం గురించి చేసిన తీర్మానాల్లో మొట్టమొదటిది చదువు. క్రీస్తు ద్వారా వచ్చే వరప్రసాదం లేకుండా, తన పనుల వల్లే మనిషి దేవుని ఎదుట నీతిమంతుడు కాగలడని ఎవరైనా అంటే వాళ్లు శాపగ్రస్తులు అంటుందది. అదే మహాసభ విశ్వాసం ఒక్కటే చాలన్న మాటనూ ఖండించింది. రెండూ కలిపి చదివితేనే క్యాథలిక్ బోధ అర్థమవుతుంది. ముందు కృప; ఆ కృపతో చేయి కలిపి మనిషి నడవాలి. అవతలి వైపు లూథర్ కూడా పనులు వద్దనలేదు. మంచి చెట్టుకు మంచి కాయలు కాసినట్టు అవి విశ్వాసం నుంచి వస్తాయన్నాడు. రక్షణకు అవి ఆధారం కావన్నదే ఆయన పట్టు.

అసలు చీలిక నీళ్లలో కంటే నీళ్ల తర్వాతే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. దేవుడు మనిషిని నీతిమంతుడు అన్నప్పుడు ఏం జరుగుతోంది? క్రీస్తు నీతిని విశ్వాసి లెక్కలో జమ చేస్తాడు, అందుకే మనిషి ఒకేసారి నీతిమంతుడూ పాపీ అంటాడు లూథర్. కాదు, నీతిని మనిషి లోపలే నింపి నిజంగా మారుస్తాడంటుంది ట్రెంట్. దాన్ని పోగొట్టుకోవచ్చా? చావైన పాపంతో, అంటే తెలిసి చేసిన ఘోరపాపంతో పోతుంది, పాపసంకీర్తనంతో, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడంతో తిరిగి దొరుకుతుందంటారు క్యాథలిక్కులు. దేవుడు ఎన్నుకున్నవాళ్లు చివరిదాకా నిలుస్తారంటారు కాల్విన్ వారసులు. పోగొట్టుకునే ప్రమాదం ఉందనే అంటారు మరో ప్రొటెస్టెంట్ శాఖ వాళ్లైన మెథడిస్టులు. నీ వ్యాసంలో ఈ భాగం నాలుగు లైన్లే ఉంది. నాలుగు పేజీలు ఇవ్వు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్ సభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన కూడా ఇక్కడే రావాలి. మన అర్హత వల్ల కాదు, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని రెండు వైపులా కలిసి అన్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో కాల్విన్ బాటలో నడిచే రిఫార్మ్‌డ్ సంఘాలు తోడయ్యాయి. తేడాలన్నీ తీరిపోయాయని మాత్రం రాయకు, ఆ ప్రకటనే అలా అనలేదు.

చివరగా, ఆరో పేజీలోని ఒక వాక్యం కొట్టెయ్యి. "జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన పసిపిల్లలకు స్వర్గం లేదని క్యాథలిక్ బోధ" అని రాశావు. అది నిజం కాదు. లింబో, అంటే అలాంటి పిల్లలు స్వర్గం లేకపోయినా బాధ లేని చోట ఉంటారన్నది, వేదాంతుల అభిప్రాయంగానే ఉండిపోయింది, సభ దాన్ని విశ్వాస సత్యంగా ఎప్పుడూ ప్రకటించలేదు. దేవుడు రక్షణను జ్ఞానస్నానంతో ముడిపెట్టాడు గానీ ఆయన మాత్రం తన సంస్కారాలకు, అంటే జ్ఞానస్నానం లాంటి పవిత్ర క్రియలకు కట్టుబడి లేడంటుంది 1992 నాటి క్యాథలిక్ కేటకిజం. ఆ పిల్లలను దేవుని కరుణకు అప్పగిస్తుంది. 2007లో వాటికన్ వేదాంత కమిషన్ ఈ ఆశ గురించే ఒక పెద్ద పత్రం వెలువరించింది. ఈ వాక్యం రాసేటప్పుడు, పురిట్లోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లి నీ పాఠకుల్లో ఉండొచ్చని గుర్తు పెట్టుకో. నీ మాట తప్పైతే, ఆ తప్పు ఆమె మీద పడుతుంది.

ముందు ఆరో పేజీ తిరగరాసి పంపు. మిగతాది నెమ్మదిగా చూద్దాం.

నీ మేలు కోరే
అక్క