తలుపు తీసిన మనిషిపైనే కేసా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో ఉంటున్నారు. అల్లుడు డ్యూటీకి వెళ్లిన వేళ ఒక ఉద్యోగి ఇంటికి వచ్చి, టీవీ లైసెన్సు లేదని చెప్పి, అమ్మాయి చేత కాగితంపై సంతకం చేయించుకున్నాడు. ఇప్పుడు ఆమె పేరుతోనే కోర్టు నోటీసు వచ్చింది. జైలులో పెడతారా? టీవీ ఇద్దరూ చూసేదే కదా, కేసు ఆమె ఒక్కదానిపైనే ఎందుకు?
– ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: అమ్మా, టీవీ లైసెన్సు అంటే అక్కడ టీవీ చూసే ఇల్లు బీబీసీ నిర్వహణ కోసం ఏటా కట్టే రుసుము. అది లేకుండా టీవీ చూడడం అక్కడి 2003 కమ్యూనికేషన్స్ చట్టం కింద నేరమే అయినా, దానికి శిక్ష జరిమానాయే, అదీ గరిష్ఠంగా 1,000 పౌండ్లు. కోర్టు వేసిన జరిమానాను కావాలని ఎగ్గొట్టినప్పుడే జైలు ప్రసక్తి వస్తుంది. కాబట్టి నోటీసును పక్కన పడేయవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. 21 రోజుల్లోగా జవాబు పంపాలి, అందులో తన ఆదాయం తప్పక రాయాలి. జవాబు అందకపోతే ఒక్క మేజిస్ట్రేటే కాగితాలు చూసి ఆమె పరోక్షంలో తీర్పు ఇచ్చేస్తారు. ఆదాయం తెలియనందున జరిమానా ఆమె స్తోమతకు మించి పడవచ్చు.

మీ రెండో ప్రశ్న న్యాయమైనది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2017లో ఈ నేరానికి కోర్టు కేసు ఎదుర్కొన్నవారిలో 72 శాతం మంది మహిళలే. ఆ ఏడాది మహిళలపై రుజువైన నేరాలన్నిటిలో 30 శాతం ఇదొక్కటే, మగవారిలో అది 4 శాతం. తనిఖీకి వచ్చినవారు ఇంట్లో ఉన్న పెద్దవారితో మాట్లాడి వారి వాంగ్మూలమే తీసుకుంటారు. పగటిపూట తలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. పిల్లలతో ఒంటరిగా ఇల్లు నెట్టుకొచ్చే తల్లులూ అక్కడ ఎక్కువే. మహిళలను ఎంచి పట్టుకుంటున్నారనడానికి ఆధారం లేదని బీబీసీ చేయించిన సమీక్ష 2017లో చెప్పింది. ఉద్దేశం లేదన్నది నేనూ ఒప్పుకుంటాను, కానీ ఇంటిల్లిపాదీ కట్టవలసిన బాకీ ఒక ఇల్లాలి నేరంగా నమోదు కావడం మాత్రం అన్యాయమే. మన దేశంలోనూ పోస్టాఫీసులో రేడియో, టీవీ లైసెన్సులు కట్టే పద్ధతి ఉండేది. 1980లలో దాన్ని ఎత్తేశారు.

మన తెలుగు న్యూస్ ఛానళ్లను ఫోనులో లైవ్‌గా చూసినా అక్కడ లైసెన్సు ఉండాలి. ఈ సంగతి తెలియక చిక్కుకునేవారు ఉన్నారు. ఓటీటీలో సినిమాలు, లైవ్ కాని యూట్యూబ్ వీడియోలు చూడడానికైతే అక్కర్లేదు, బీబీసీ వారి ఆన్‌లైన్ వీడియో సేవ ఐప్లేయర్‌కు మాత్రం కావాలి. 2025 ఏప్రిల్‌లో ఏడాదికి రుసుము 174.50 పౌండ్లు ఉండేది, దాన్ని వాయిదాల్లోనూ కట్టవచ్చు. నోటీసుకు జవాబు రాసేముందు అక్కడి సిటిజన్స్ అడ్వైస్ కేంద్రంలో ఉచితంగా సలహా తీసుకోమనండి, అల్లుడిని కూడా వెంట వెళ్లమనండి.