మూడు లాంతర్లకి ఆ పేరెలా వచ్చింది?

ప్రశ్న: మేం ఈమధ్యే విజయనగరం వచ్చాం. ఆటోవాళ్లంతా ‘మూడు లాంతర్లు’ అంటారు. ఏమిటా లాంతర్లు? ఊరి పేరు వెనక కూడా ఏదో కథ ఉందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: పేరులోనే ఉందమ్మా. కరెంటు రాకముందు ఆ కూడలిలో ఒక స్తంభానికి మూడు లాంతర్లు వెలిగేవి. దీపాల పని ఎప్పుడో అయిపోయింది, పేరు మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. 2020లో పాత స్తంభాన్ని తీసేసినప్పుడు ఊళ్లో పెద్ద గొడవే అయింది. నన్నడిగితే ఆ కోపం సబబే.

ఇక ఊరి పేరంటారా, అది పూసపాటి విజయరామరాజు పేరు మీద వచ్చింది. 1713లో కోటకు శంకుస్థాపన చేశారు. ఆ ఏడు విజయ నామ సంవత్సరం, ఆ రోజు విజయదశమి, వారం జయవారం, అంటే మంగళవారం. ఇన్ని ‘విజయాలు’ కలిశాయని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి!

మూడు లాంతర్ల దగ్గరే పైడితల్లి అమ్మవారి చదురుగుడి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను ఇక్కడి నుంచే కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. సిరిమాను అంటే పొడవాటి చింతమానే; దాని చివర పూజారి కూర్చుని ఊగుతూ వస్తుంటే, కింద జనం అరటిపళ్లు విసురుతారు. మీరు కొత్త కాబట్టి చెప్తున్నా: ఆ రోజు కూడలి దాకా ఆటో రాదు. మధ్యాహ్నం భోంచేసి, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని, తొందరగా నడిచి వెళ్లిపోండి.