‘గుడ్ నైట్ అండ్ గుడ్ లక్’ సగం మందికి ఎందుకు బోర్ కొడుతుంది? ఎలా చూస్తే అందుతుంది?

ఈ సినిమాను మీ ఇంట్లో నలుగురు కలిసి చూస్తే ఇద్దరు గొప్ప సినిమా అన్నారనీ, ఇద్దరు అరగంటకే లేచిపోయారనీ మీరు రాశారు. లేచిపోయినవాళ్లు చెప్పిన కారణాలు మూడు: కథ లేదు, విలన్ ఓవరాక్షన్, పత్రికలవాళ్లను దేవుళ్లను చేశారు. ఫిల్మ్ క్లబ్‌లో ఈ సినిమా వేసినప్పుడల్లా వినిపించేవి కూడా ఈ మూడే, దాదాపు ఇవే మాటల్లో. మూడింటికీ మూల కారణం ఒకటే అని నా అభిప్రాయం. చరిత్ర సినిమా అనగానే మనం ఒక మనిషి జీవితకథ కోసం కూర్చుంటాం. 2005లో జార్జ్ క్లూనీ తీసినది అది కాదు. ఒక వార్తా కార్యక్రమం ఎలా తయారవుతుంది, దాన్ని ఎవరు ఆపగలరు, ఎవరు ఆపలేదు అన్నదే 93 నిమిషాల సినిమా. కెమెరా దాదాపుగా ఆ ఆఫీసు, స్టూడియో, బార్ దాటి బయటికే పోదు.

సినిమా ఏదీ విడమరిచి చెప్పదు కాబట్టి ముందు కొంచెం నేపథ్యం. జోసెఫ్ మెకార్తీ విస్కాన్సిన్ నుంచి వచ్చిన సెనెటర్. 1950 ఫిబ్రవరి 9న వీలింగ్ అనే ఊళ్లో మాట్లాడుతూ, విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారు, జాబితా నా చేతిలోనే ఉంది అన్నాడు. 1953 నుంచి సెనెట్ దర్యాప్తు ఉపసంఘానికి ఛైర్మన్. మనవాళ్లు తరచు పొరబడే సంగతి ఒకటుంది: హాలీవుడ్ రచయితలను, నటులను విచారించింది ప్రతినిధుల సభకు చెందిన వేరే కమిటీ, మెకార్తీ కాదు. ఇక 1954 జనవరిలో గాలప్ సర్వేలో సగం మంది అమెరికన్లు అతని మీద మంచి అభిప్రాయమే చెప్పారు. సినిమాలోని టీవీ పాత్రికేయుడు మర్రో ఎదురు నిలిచింది పడిపోతున్న మనిషికి కాదు, మంచి ఊపు మీదున్నవాడికి. ఇది తెలియకపోతే ఆ ఆఫీసులో అందరి ముఖాల్లో అంత బిగువు ఎందుకో అర్థం కాదు.

అటువైపు సీబీఎస్ అనే అమెరికన్ రేడియో, టీవీ సంస్థ. ఎడ్వర్డ్ ఆర్. మర్రో (డేవిడ్ స్ట్రాథెయిర్న్) యుద్ధకాలంలో లండన్ నుంచి రేడియోలో వార్తలు చెప్పి పేరు తెచ్చుకున్నవాడు. ఫ్రెడ్ ఫ్రెండ్లీ (క్లూనీయే వేశాడు) నిర్మాత. విలియం పేలీ (ఫ్రాంక్ లాంజెలా) సంస్థ అధినేత. వాళ్ల కార్యక్రమం పేరు ‘సీ ఇట్ నౌ’, 1951 నవంబరు 18న మొదలైంది. స్పాన్సర్ అల్యూమినియం కంపెనీ ఆల్కోవా. ఆ కంపెనీకి సైన్యంతో వ్యాపారం ఉంది, అందుకే సైన్యం ఊసెత్తినప్పుడల్లా ఆఫీసులో స్పాన్సర్ మాట వస్తుంది. ఈ పేర్లు గుర్తుంటే చాలు.

ఇప్పుడు విలన్ ఓవరాక్షన్ గురించి. మెకార్తీ పాత్రను ఎవరూ వేయలేదు. మీరు చూసింది అసలు మెకార్తీనే, అప్పటి ఫిల్ములోంచి తీసి పెట్టిందే. విడుదలకు ముందు ప్రయోగాత్మకంగా చూపించినప్పుడు కొందరు అమెరికన్ ప్రేక్షకులు కూడా ఆ నటుడు మరీ అతిగా చేశాడన్నారని క్లూనీ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. కాబట్టి మీ ఇంట్లోవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఒక నటుణ్ణి పెట్టి ఉంటే, మెకార్తీని కావాలని చెడ్డగా చూపించారు అనే వాదన మొదలయ్యేది. అతని నవ్వు, ఆ గొంతు, సాక్షి మాట తెగ్గొట్టే పద్ధతి అన్నీ అతనివే కావడంతో ఆ వాదనకు చోటు లేకుండా పోయింది. 1954 మార్చి 9 కార్యక్రమంలో మర్రో చేసిందీ అదే. మెకార్తీ మాటలను, అతని దృశ్యాలనే ఎక్కువగా చూపించి, ఒక్కో ముక్క తర్వాత వాస్తవం ఏమిటో చెప్పుకుంటూ పోయాడు. క్లూనీ 50 ఏళ్ల తర్వాత తన సినిమాకు అదే పద్ధతి వాడుకున్నాడు.

సినిమా బ్లాక్ అండ్ వైట్‌లో ఉండటానికి అసలు కారణం కూడా ఇదే. అప్పటి ఫుటేజీ నలుపు తెలుపు. కొత్త దృశ్యాలు రంగుల్లో ఉంటే రెండూ అతకవు, స్టూడియో మానిటర్‌లో మెకార్తీ కనిపించిన ప్రతిసారీ అతుకు కనబడుతుంది. నిజానికి ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్ కలర్ నెగటివ్ మీదే తీశాడు, తర్వాత డిజిటల్‌లో రంగు తీసేశారు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కంటే వేగమైన, అంటే తక్కువ వెలుతురునూ పట్టుకునే కలర్ ఫిల్ము దొరకడంతో తక్కువ లైట్లతో పని జరిగింది. మన ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దారు కదా, ఇక్కడ ప్రయాణం దానికి తిరగేసి.

కథ లేదు అన్నవాళ్లకు మార్చి 9 ప్రసారం భాగం మళ్లీ వేసి చూపించండి, అది ఒక్కటి చాలు. ఆ రోజు మంగళవారం రాత్రి. కార్యక్రమం గురించి పత్రికలో ప్రకటన వేయడానికి సంస్థ డబ్బివ్వదు. మర్రో, ఫ్రెండ్లీ సొంత జేబులోంచి 1,500 డాలర్లు పెట్టి న్యూయార్క్ టైమ్స్‌లో వేయించారు, అందులో సీబీఎస్ గుర్తు లేదు. ప్రసారం మొదలయ్యే ముందు ఫ్రెండ్లీ ఎక్కడున్నాడో చూడండి. నేల మీద, కెమెరా పక్కన, మర్రో కాళ్ల దగ్గర. టైమ్ కాగానే కాలి మీద తట్టి సైగ చేస్తాడు. అక్కణ్ణుంచి మర్రో చేతిలో సిగరెట్టు, కళ్లు ఓరగా మానిటర్ వైపు. ఫిల్ము ముక్క నడుస్తున్నంతసేపూ అతని ముఖంలో ఏ భావమూ ఉండదు, తన వంతు రాగానే తల ఎత్తి నేరుగా లెన్సులోకి చూస్తాడు. ఇదంతా లైవ్. ఫిల్ము తెగినా, క్యూ తప్పినా దిద్దుకోవడానికి లేదు. ఉత్కంఠ అంతా ఇక్కడే ఉంది. ముగింపు మాటల్లో షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ వస్తుంది, అసమ్మతిని రాజద్రోహంగా పొరబడకూడదనే మాట వస్తుంది. అయ్యాక స్టూడియోలో నిశ్శబ్దం, ఫోన్లు మోగవు. కాల్స్ ఆపి ఉంచమన్నామని గుర్తొచ్చాక గానీ ఒక్కసారిగా మోత మొదలవదు. చానెల్ చర్చల్లో అరుపులకు అలవాటుపడిన మన చెవులకు ఈ భాగం నీరసంగా తోచడం సహజమే. గొంతు పెంచకుండా ఒక వాక్యం ఎంత దూరం పోతుందో వినడానికి కొంత సమయం పడుతుంది.

దానికి ముందు వచ్చే మైలో రాడులోవిచ్ ఉదంతం కూడా వదలొద్దు. 1953 అక్టోబరు 20 కార్యక్రమం అది. వైమానిక దళం రిజర్వులో లెఫ్టినెంట్ అయిన అతన్ని భద్రతకు ముప్పు అని తొలగించారు. అతను చేసిందేమీ లేదు, తండ్రి మీద, ఒక సోదరి మీద కమ్యూనిస్టు సానుభూతిపరులన్న అనుమానాలు. ఆధారాలు మూసిన కవరులో ఉన్నాయి, లోపల ఏముందో అతనికీ చూపలేదు. ఆ కవరు అర్థమైతే మిగతా సినిమా అర్థమైనట్టే, ఎందుకంటే ఆఖరి దాకా గొడవంతా నేరం రుజువయ్యే పద్ధతి గురించే. నవంబరులో అతన్ని తిరిగి తీసుకున్నారు, ఆ ప్రకటన కూడా ‘సీ ఇట్ నౌ’లోనే వచ్చింది.

దేవుళ్లను చేశారు అనే మూడో ఫిర్యాదులో బలం ఉంది, దాన్ని కొట్టిపారేయను. మర్రో మొదటివాడు కాదు. సెనెటర్ మార్గరెట్ చేజ్ స్మిత్ 1950 జూన్ 1నే, మెకార్తీ పార్టీలోనే ఉంటూ, సభలో ఎదురు మాట్లాడింది. వాషింగ్టన్ పోస్ట్ కార్టూనిస్టు హెర్‌బ్లాక్ అదే ఏడాది నుంచి బొమ్మల్లో ఏకిపారేశాడు. మెకార్తీని నిజంగా పడగొట్టింది 1954 ఏప్రిల్ 22 నుంచి జూన్ 17 దాకా జనం టీవీలో చూసిన సైన్యం–మెకార్తీ విచారణలు, డిసెంబరు 2న సెనెట్ 67–22 ఓట్లతో చేసిన అభిశంసన. సినిమా వీటిని చాలా తేలిగ్గా దాటేస్తుంది.

ఆనీ లీ మాస్ సంగతి ఇంకొంచెం చిక్కు. పెంటగాన్‌లో పనిచేసిన నల్లజాతి ఉద్యోగిని, కమ్యూనిస్టు అన్న ఆరోపణ మీద మెకార్తీ ఉపసంఘం ముందుకు వచ్చింది. విచారణ మధ్యలో మెకార్తీ లేచి వెళ్లిపోతాడు, ప్రశ్నలు వేయడం ఉపసంఘం లాయరు రాయ్ కోన్ మీద పడుతుంది, కెమెరా ఆ ఖాళీ కుర్చీని చూపిస్తుంది. సినిమాలో కనిపించేదీ ఆ అసలు ఫుటేజీయే. ఆమె పూర్తిగా అమాయకురాలన్న అభిప్రాయంతో ప్రేక్షకులు బయటికొస్తారు. కానీ కమ్యూనిస్టు పార్టీ సొంత పత్రాల్లో ఆమె పేరు, చిరునామా ఉన్నాయని 1958లో ఒక ప్రభుత్వ బోర్డు చెప్పింది. అయినా ఆమె గురించి ‘సీ ఇట్ నౌ’ వేసిన కార్యక్రమం వాదన కూలిపోదు, ఆధారం ముందు పెట్టి అడగాలన్నదే అందులో ప్రశ్న. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పి ఉంటే సినిమాకు ఇంకా బలం వచ్చేది, అక్కడ క్లూనీ జంకాడనిపిస్తుంది.

కాలాన్ని కుదించడం ఇంకోటి. పేలీ ‘సీ ఇట్ నౌ’ను వారం వారం ప్రసారం నుంచి తప్పించే సన్నివేశం మెకార్తీ గొడవ ముగుస్తుండగానే వస్తుంది. నిజంగా అది జరిగింది 1955లో, ఆల్కోవా తప్పుకున్నాక, భారీ బహుమతుల క్విజ్ షోలు రేటింగులు ఎగరేసుకుపోయాక. అయినా ఆ సన్నివేశం సినిమాలోకెల్లా నిజాయితీ ఉన్నదని నా లెక్క. పేలీ దుర్మార్గుడు కాదు, మార్చి 9 కార్యక్రమాన్ని అతను ఆపలేదు. జనానికి వినోదం కావాలి, పౌరశాస్త్రం పాఠం కాదు అంటాడు. వ్యాపారంగా చూస్తే అతను చెప్పింది తప్పూ కాదు.

మెకార్తీ 1954 ఏప్రిల్ 6న అదే కార్యక్రమంలో జవాబిచ్చి మర్రోను నక్కల గుంపుకు నాయకుడన్నాడు. అతనికి ఆ సమయం ఇస్తామన్నది మర్రోనే. ఆ జవాబులో ఏ వాస్తవాన్నైనా ఖండించాడా అని గమనించండి, మర్రో తర్వాత పట్టుకునేది సరిగ్గా అక్కడే.

సీబీఎస్‌లోనే పనిచేస్తూ పెళ్లి దాచుకునే వెర్ష్‌బా దంపతుల (రాబర్ట్ డౌనీ జూనియర్, పట్రీషియా క్లార్క్‌సన్) ఉపకథ చాలామందికి అనవసరం అనిపిస్తుంది, నాకూ అది పలచనే. సీబీఎస్‌లో వార్తలు చదివే డాన్ హాలెన్‌బెక్ (రే వైజ్) మాత్రం పక్కన పెట్టేది కాదు. మర్రో మాటలతో ఏకీభవిస్తున్నానని రాత్రి 11 గంటల వార్తల్లో చెప్పిన పాపానికి ఒక పత్రికా కాలమిస్టు వెంటపడతాడు. హాలెన్‌బెక్ 1954 జూన్ 22న ఆత్మహత్య చేసుకున్నాడు. మధ్యమధ్య వచ్చే డయాన్ రీవ్స్ జాజ్ పాటలను దాటేయకండి, అధ్యాయం మారిందని చెప్పేవి అవే.

ఇక టీవీ. సినిమా బాలేదనుకున్నవాళ్లలో కొందరిది సెట్టింగుల సమస్యే. ‘వివిడ్’ లేదా ‘డైనమిక్’ మోడ్‌లో మర్రో నల్లకోటు వెనక చీకట్లో కలిసిపోయి తల ఒక్కటే గాల్లో తేలుతుంది. ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపండి. మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చేసే సెట్టింగు) తప్పనిసరిగా ఆపాలి, లేకపోతే కొత్త దృశ్యాలు సీరియల్‌లా జారిపోతూ, పాత ఫుటేజీ గరుగ్గా మిగిలి, రెండింటి మధ్య అతుకు బయటపడుతుంది. నీలంగానో పచ్చగానో ఛాయ కనిపిస్తే కలర్ సున్నాకు దించి, కలర్ టెంపరేచర్ ‘వార్మ్’ చేయండి. అప్పుడూ నలుపు బూడిదరంగులో ఉంటే ప్లేయర్‌లో, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ (ఎంత చీకటిని నలుపుగా చూపాలో చెప్పే సెట్టింగు) ఒకటే ఉందో లేదో చూడండి. వెడల్పు తక్కువుండే పాత 4:3 ముక్కలను స్క్రీన్ నిండా సాగదీసే జూమ్ వద్దు. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటారు, పాత రికార్డింగుల్లో గొంతులు అస్పష్టం, కాబట్టి ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లైనా సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలి.

మళ్లీ చూసేటప్పుడు కాలక్రమం కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి: 1953 అక్టోబరు 20 రాడులోవిచ్, 1954 మార్చి 9 మెకార్తీ, మార్చి 16 మాస్, ఏప్రిల్ 6 మెకార్తీ జవాబు. మొదట్లో, చివర్లో వచ్చే ప్రసంగం 1958 అక్టోబరు 15న షికాగోలో వార్తా విభాగాల అధిపతుల సభలో మర్రో ఇచ్చినది, అంటే గొడవ ముగిసిన నాలుగేళ్లకు. కాలంలో ఈ గెంతు అందకే చాలామంది మొదటి పది నిమిషాల్లో దారి తప్పుతారు. లేచిపోయిన ఇద్దరినీ రాడులోవిచ్ భాగం నుంచి కూర్చోబెట్టండి. షికాగో ప్రసంగం ఆఖర్న పూర్తిగా వినిపించి, మొదటి పది నిమిషాలు ఆ తర్వాత వేయండి.