తూకం రాసేచోట జ్ఞానం అడగడం

ప్రశ్న: వరంగల్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్నాను. కాంటాలో తేలినదానికంటే బస్తాకు కిలో తగ్గించి రాయమని మా సేటు చెబుతారు. నర్సంపేట, ములుగు వైపుల నుండి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రైతుల ముఖం చూస్తే చేయి ఆడదు, అయినా రాస్తున్నాను. అమ్మ మందులకు నా జీతమే ఆధారం. జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలని చెప్పే బైబిలు వాక్యం యాకోబు 1:5 ఎత్తి చూపి జ్ఞానం కోసం ఆరు నెలలుగా ప్రార్థిస్తున్నాను, జవాబు రాలేదు. నా విశ్వాసంలో లోపమా?
– ఒక సహోదరుడు, వరంగల్

జవాబు: సహోదరా, రైతు ముఖం చూస్తే చేయి ఆడదన్న మీ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ చేయి ఆడకపోవడమే జవాబులో మొదటి భాగమని నాకు తోస్తున్నది. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 ఏనాడో చెప్పింది. మీరు పట్టుకున్న యాకోబు పత్రికనే చివరిదాకా చదివితే, చేలు కోసిన పనివారికి ఇవ్వక మోసముగా బిగపట్టిన కూలి మొరపెడుతున్నదని 5:4లో కనిపిస్తుంది. జ్ఞానం అడగమన్న చేయే ఆ మాటనూ రాసింది.

కాబట్టి తగ్గించి రాయవచ్చునా అన్న ప్రశ్నను మీ ప్రార్థనలో నుండి తీసివేయండి. అది అడుగుతున్నంతకాలం మనసులో ఒక మూల రాయడానికి కూడా చోటు ఉంచుకున్నట్టే. యాకోబు 1:8లోని ద్విమనస్కుడి, అంటే రెండు మనసుల మధ్య ఊగేవాడి స్థితి ఇదేనని నేను అనుకుంటాను. మీరు అడగవలసింది, సేటుతో ఏ పూట, ఏ మాటతో మొదలుపెట్టాలన్నది.

ఇందుకు దానియేలు మొదటి అధ్యాయం చదవండి. బబులోనుకు చెరగా వెళ్లిన దానియేలు, రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోనని ముందే నిశ్చయించుకున్నాడు, ఆ తరువాతే మాట్లాడే తీరు వెదికాడు. పై అధికారి తన తల పోతుందని భయపడితే ఆ భయాన్ని తక్కువ చేయక, పది దినాలు శాకధాన్యాదులు, నీళ్లు ఇచ్చి పరీక్షించమని కోరాడు. మీ సేటుకూ ఒక భయం ఉండవచ్చు: తేమ ఆరితే మిర్చి బరువు తగ్గి, ఆ నష్టం తన మీద పడుతుందని. తేమ ఉన్న సరుకైతే రైతుకే చూపించి ధరలో బాహాటంగా మాట్లాడుకుందామని, పది రోజులు కాంటాలో తేలిన తూకమే రాసి చూద్దామని అడగండి. హమాలీల ముందు కాదు, దుకాణం సద్దుమణిగాక అడగండి. పైనుండి వచ్చే జ్ఞానం మొదట పవిత్రమైనది, తరువాత సమాధానకరమైనది, మృదువైనది అని యాకోబు 3:17 చెప్పే వరుసను తారుమారు చేయకండి.

సేటు ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను. ఒప్పుకోకపోతే ఆ చీటీ మీ చేతితో రాయకండి, వేరే పని వెదకండి. అయితే అంతదాకా ఆగక, అమ్మ మందుల సంగతి ఈ ఆదివారమే మీ సంఘ పెద్దలకు చెప్పండి. ఒక సభ్యుడు న్యాయంగా నిలబడినందుకు జీతం పోగొట్టుకుంటే, ఆ నెలల్లో అతని ఇంటి భారం సంఘం మోయవలసినదే.