ఎన్ని అన్నది చెప్పకుండా వేడి గురించి రాయకు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. నౌపడ ఉప్పు మడుల నుంచి వచ్చిన మీ నాన్న గ్యాస్ పొయ్యి పక్కన తువ్వాలు దులపడం, నీలం మంట ఒక్కసారి పసుపుపచ్చగా భగ్గుమనడం బాగా రాశావు. ఆ వెంటనే వచ్చిన వాక్యం దగ్గరే నాకు కోపం వచ్చింది. పచ్చమంట నీలిమంట కన్నా చల్లన కాబట్టి ఉప్పు పడగానే మంట చల్లబడిందట! ఎవరు చెప్పారమ్మా నీకు?

రంగు చూసి వేడి చెప్పడం కొలిమిలో ఇనుముకు చెల్లుతుంది. కట్టెల మంటకీ చెల్లుతుంది, అక్కడ పచ్చగా వెలిగేది కాలీకాలని మసి. అలాంటి వాటి నుంచి అన్ని రంగుల ఫోటాన్లూ, అంటే వెలుగు కణాలు, వస్తాయి, ఏ రంగు ఎక్కువో వేడిని బట్టి ఉంటుంది. గ్యాస్ మంట నీలం ఆ జాతి కాదు. కేవలం వేడి వల్ల నీలంగా వెలగాలంటే 10,000 డిగ్రీలు దాటాలి. మన పొయ్యి మంట 2000 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ నీలం, గ్యాసు మండేటప్పుడు విరిగిన అణువుల ముక్కలది. ఉప్పు పడితే వచ్చే పసుపు సోడియం పరమాణువుది. దాని తరంగదైర్ఘ్యం, అంటే రంగును నిర్ణయించే అల పొడవు, 589 నానోమీటర్లు. మంట ఇంకా వేడెక్కినా సోడియం ఇచ్చే పసుపు అదే.

మరి వేడి చేసే పనేమిటి? సోడియంలో ఎలక్ట్రాన్ పై శక్తి స్థాయికి వెళ్లాలంటే 2.1 ఎలక్ట్రాన్‌వోల్టుల (పరమాణువుల శక్తిని కొలిచే చిన్న కొలత) శక్తి కావాలి. 2000 కెల్విన్ (ఉష్ణోగ్రతకు ఫిజిక్స్ వాడే కొలత) మంటలో కణాల కదలికలో ఉండే శక్తి సగటున అందులో సుమారు ఎనిమిదో వంతు. బాగా జోరు మీదున్నవి ఏ కొన్నో ఢీకొంటేనే ఆ ఎలక్ట్రాన్ పైకి వెళ్తుంది. ఏ క్షణాన చూసినా లక్ష సోడియం పరమాణువుల్లో ఒకటో రెండో పైన ఉంటాయి, అంతే. ఫోటాన్ వదిలి కిందికి రావడానికి వాటికి పట్టేది సుమారు 16 నానోసెకన్లు. ఆ ఒకటీ రెండుతోనే మంటంతా పచ్చబడింది! అదే మంట 3000 కెల్విన్‌లో ఉంటే వెయ్యికి దాదాపు ఒకటి పైన ఉంటుంది. వేడి ఒకటిన్నర రెట్లయితే లెక్క యాభై రెట్లు దాటింది, చూశావా?

అందుకే "ఫోటాన్ తగిలి పరమాణువు వేడెక్కింది" అన్న నీ వాక్యం కొట్టేశాను. ఒక్క పరమాణువుకు ఉష్ణోగ్రత ఉండదు. ఫోటాన్‌ని మింగి అది పై స్థాయికి వెళ్తుంది. ఫోటాన్ వదిలేలోపు పక్కదాన్ని ఢీకొని ఆ శక్తిని దాని వేగానికి కలిపేస్తే, అప్పుడు గుంపు వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత గుంపుది. గుంపు గురించి రాసేటప్పుడు ఎన్ని అని చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే.

1920లో మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా వేసుకున్న ప్రశ్న కూడా అదే. ఇంత వేడిలో, ఇంత ఒత్తిడిలో ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటాయి? దానికి జవాబుగా ఆయన ఇచ్చిన సమీకరణం వచ్చాకే వర్ణపట రేఖల్ని (వెలుగును రంగులుగా విడదీస్తే అందులో కనిపించే గీతల్ని) బట్టి నక్షత్రాల ఉష్ణోగ్రత సరిగ్గా కట్టడం వీలైంది. 5800 కెల్విన్ ఉన్న సూర్యుడి ఉపరితలం మీద రెండో స్థాయిలో ఉండేది 20 కోట్ల హైడ్రోజన్ పరమాణువులకు సుమారు ఒకటి. అయినా దాని నల్లగీత వర్ణపటంలో ఎర్రని భాగాన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ హైడ్రోజన్ అంత ఉంది మరి.

అంకెలుంటే పాఠకులు పేజీ తిప్పేస్తారని మీ లెక్చరర్ అన్నారని రాశావు. నాకూ అన్నారు. బస్సెక్కి బెజవాడ వెళ్లి వ్యాసం చేతికిస్తే, సంపాదకుడు నా ఎదుటే ఎర్ర పెన్ను తీసి "లక్షకు ఒకటి" కొట్టి "కొన్ని" అని రాశాడు. అచ్చయ్యాక పాలకొండ నుంచి ఒక టైలరు కార్డు రాశాడు, "కొన్ని అంటే ఎన్ని మాస్టారూ?" అని. ఆ కార్డు చూపించినా సంపాదకుడు మారలేదు. నేను ఆ పత్రికకు మళ్లీ రాయలేదు. పాఠకుడికి తెలివి లేదనుకునేవాళ్ల మీద నాకు ఇప్పటికీ మంటే. ఈమధ్య ఇంకో ఫ్యాషన్ మొదలైంది, ఏ సైన్స్ వ్యాసమైనా విశ్వరహస్యం దగ్గర తేలాలి. నీ చివరి పేరా కూడా అక్కడికే తేలింది. తీసెయ్.

ఇంత వేడిలో ఎన్ని పరమాణువులు పై స్థాయిలో ఉంటాయో చెప్పే బోల్ట్‌జ్‌మన్ సూత్రం డిగ్రీ ఫిజిక్స్ పుస్తకంలో ఉంటుంది. సోడియం లెక్క నీ చేత్తో ఒకసారి వెయ్యి. పై స్థాయికి మూడు రెట్ల గుణకం ఉంటుంది, మర్చిపోకు. ఆదివారం పొద్దున్న ఇంట్లోనే ఉంటాను, ఆ కాగితాలు పట్టుకుని రా.

మీ మాస్టారు